కార్తె కదల్లేదు, ఎండ ముందుకొచ్చింది

అందరికీ నమస్కారమండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇటుపక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు చాప మీద కూర్చోండి.

ఉగాది దగ్గర మొదలుపెడతాను. పండగ వచ్చిందంటే ఎవరో ఒకరు అంటారు, "వేప పువ్వు అప్పుడే రాలిపోయింది, కాలం మారిపోయిందండీ" అని. మరుసటి ఏడు అదే మనిషి "ఇంకా మొగ్గ కూడా విచ్చలేదు, కాలం మారిపోయింది" అంటారు. ఈ రెండు మాటలూ పట్టుకుని నేనేమీ తేల్చను. ఎందుకంటే ఉగాది చంద్రుణ్ణి బట్టి వచ్చే పండగ. 2023లో మార్చి 22న వచ్చింది, మరుసటి ఏడు ఏప్రిల్ 9న వచ్చింది, పద్దెనిమిది రోజులు అటు జరిగింది. వేపచెట్టు తన వేళకే పూసి ఉండొచ్చు, జరిగింది పండగ. స్టేషన్లో ఆగిన రైల్లో కూర్చుంటే పక్క రైలు కదిలినా మనమే కదిలినట్టుంటుంది చూడండి, అలాంటిదే ఇది. ఋతువు ముందుకొచ్చిందా లేదా తెలియాలంటే ముందు కదలని గుంజ ఒకటి కావాలి.

ఆ గుంజ మన రైతుల దగ్గర ఎప్పటినుంచో ఉంది. కార్తెలు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. ఏటా ఒకటి రెండు రోజుల తేడాతో అదే తేదీకి వస్తాయి. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మృగశిర కార్తెలో ముంగిళ్లు చల్లబడతాయంటారు. ఈ సామెతల్లో రెండేసి ముక్కలున్నాయి. రోహిణి అనేది సూర్యుడి లెక్క. రోలు పగలడం వేడి లెక్క. పెద్దలకు ఈ రెండూ ఏటా ఒకేచోట కనిపించాయి కాబట్టి కలిపి ముడివేశారు. ఈవేళ నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ముడి గురించే, ఎందుకంటే అది వదులవుతోంది. సూర్యుడి లెక్క అలాగే ఉంది. వేడి లెక్క జరుగుతోంది. అడవిలో కొన్ని జీవులు పగటి పొడవు చూసి బతుకు నడుపుకుంటాయి, కొన్ని వేడినీ తడినీ చూసి నడుపుకుంటాయి, పైగా ఒకదాన్ని తిని ఇంకొకటి బతకాలి. ఒకే ఇంట్లో రెండు గడియారాలు రెండు టైములు చూపిస్తే ఏమవుతుందో అది జరుగుతోంది.

ఆరుద్ర పురుగును చేత్తో పట్టుకున్నవాళ్లు చేతులెత్తండి. పెద్దవాళ్లవే ఎక్కువ లేచాయి, పిల్లలవి నాలుగే. సరే, చూడని వాళ్ల కోసం చెబుతాను. తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే తడి ఇసుకనేల మీద చూడాలి. ఎర్ర మఖమల్ గుడ్డలోంచి ఒక చుక్క కత్తిరించి పడేసినట్టుంటుంది. మెల్లగా నడుస్తుంది. ముట్టుకుంటే కాళ్లన్నీ లోపలికి ముడుచుకుని గింజలా అయిపోతుంది, అరచేతిలో పెట్టుకుని కాసేపు ఓపిక పడితే ఒక్కో కాలూ బయటికి తీస్తుంది. లెక్కపెడితే ఎనిమిది ఉంటాయి. అంటే అసలు అది పురుగుల జాతి కాదు, సాలీళ్లకు దగ్గర చుట్టం. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉంటుంది. మంచి వాన పడి నేల తడిస్తే పైకొస్తుంది. అదే వానకు పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి, దీనికి అవే తిండి.

పేరేమో ఆరుద్రది, అంటే సూర్యుడి లెక్కది. నడక మాత్రం వానది. వాన వారం ముందొచ్చినా, పదిరోజులు ఆలస్యమైనా ఉసిళ్లూ అదే వానకు లేస్తాయి, ఇదీ అదే వానకు లేస్తుంది, కాబట్టి ఇద్దరూ కలుసుకుంటారు. ఇది గుర్తుపెట్టుకోండి. తినేదీ తినబడేదీ ఒకే కబురు విని కదిలితే, ఋతువు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాయి. చిక్కంతా ఇద్దరూ వేర్వేరు కబుర్లు వింటున్నప్పుడే.

ఆ చిక్కును అందరికంటే వివరంగా చూసింది నెదర్లాండ్స్‌లో. మనకు దూరదేశమే, కానీ అక్కడ 1955 నుంచి ఒకే అడవిలో, హోఖె వెలువె అనే చోట, పిట్టల గూళ్లకు పెట్టెలు కట్టి ఏ గూట్లో మొదటి గుడ్డు ఏ తేదీన పడింది, ఎన్ని పిల్లలు ఎగిరాయి అని రాసుకుంటూ వస్తున్నారు. అంత ఓపికగా రాసినవాళ్లు ఉండబట్టే ఈ కథ మనకు తెలిసింది.

అక్కడ ఓక్ చెట్లుంటాయి. చలికాలంలో ఆకు ఒక్కటి ఉండదు. వింటర్ మాత్ అని ఒక చిమ్మట ఉంది, ఆడదానికి ఎగరడానికి పనికొచ్చే రెక్కలుండవు, చలికాలం మొదట్లో మట్టిలోంచి లేచి చెట్టు మొదలు పట్టుకుని నడుచుకుంటూ పైకెక్కి బెరడు సందుల్లో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు వసంతంలో వేడికి పగులుతాయి. సరిగ్గా ఓక్ చిగురు విచ్చే వేళకు పగలాలి. రెండు మూడు రోజులు ముందు పగిలితే పిల్లపురుగు చిగురు లేక ఆకలితో చస్తుంది, ఆలస్యమైతే ఆకు ముదిరి వగరెక్కిపోయి ఒంటబట్టదు. చిగురు పుట్టాక మూడు నాలుగు వారాలు గొంగళి పురుగులు చెట్టు నిండా ఉంటాయి, తర్వాత దారం వేసుకుని కిందికి దిగి మట్టిలోకి పోతాయి. ఆ నాలుగు వారాలే పండగ. గ్రేట్ టిట్ అని పిచ్చుకంత పిట్ట ఒకటుంది, దాని పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉండాల్సింది ఆ రోజుల్లోనే, తల్లీతండ్రీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొన్ని వందల సార్లు తిరిగి ఆ పురుగుల్ని తెచ్చి నోట్లో పెడతాయి.

ఇప్పుడు ఆ తల్లి కష్టం చూడండి. రోజుకొక్క గుడ్డు చొప్పున ఎనిమిదో తొమ్మిదో పెట్టాలి. తర్వాత రెండు వారాలు పొదగాలి. పిల్లలు బాగా తినే వయసుకు రావాలంటే మరో పది రోజులు. అంటే పురుగులు ఎప్పుడు పొర్లిపోతాయో నెల ముందే, ఒక్క చిగురు కూడా కనపడకముందే ఊహించి మొదటి గుడ్డు పెట్టాలి. మార్చి ఎండను చూసి మే నెల సంగతి పసిగట్టాలి. వేల ఏళ్లుగా ఆ ఊహ సరిపోయింది. ఇప్పుడు వసంతం వేడెక్కింది, పురుగులు ముందే వస్తున్నాయి, హోఖె వెలువె పిట్టలు మాత్రం చాలా ఏళ్లపాటు గుడ్లు పెట్టే తేదీని అంతగా ముందుకు జరుపుకోలేకపోయాయి. పిల్లలు నోరు తెరిచేసరికి పంక్తి లేచిపోతోంది.

అదే పిట్ట ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పక్కన వైథమ్ అడవిలో బాగానే సర్దుకుంది. అక్కడ 1947 నుంచి లెక్కలున్నాయి. 1961 నుంచి నలభై ఏడేళ్లలో గుడ్లు పెట్టే వేళను సుమారు రెండు వారాలు ముందుకు తెచ్చుకుంది, పురుగులతో దాదాపు సమానంగా. ఒకే జాతి, రెండు అడవుల్లో రెండు కథలు. అందుకే ఎవరైనా "వేడి పెరిగితే పక్షులన్నీ పోతాయి" అని ఒక్క ముక్కలో చెబితే ఒప్పుకోకండి. ఎక్కడ, ఏ పిట్ట, దేన్ని చూసి కదులుతుంది, అది అడగాలి.

గ్రేట్ టిట్ కనీసం ఆ అడవిలోనే ఉంటుంది, అక్కడి ఎండ దాని ఒంటికి తగులుతుంది. పైడ్ ఫ్లైక్యాచర్ సంగతి ఇంకా కష్టం. నలుపూ తెలుపూ కలిసిన పిట్ట, బరువు పన్నెండు గ్రాములు, అంటే మీ జేబులోని మూడు నాలుగు రూపాయి బిళ్లలంత. చలికాలం పశ్చిమ ఆఫ్రికాలో ఉంటుంది. వసంతంలో సహారా ఎడారి దాటి, మధ్యధరా సముద్రం దాటి నెదర్లాండ్స్‌కు వస్తుంది, అక్కడే గూడు. ఆఫ్రికాలో కూర్చున్న పిట్టకు అక్కడ ఓక్ చిగురు వేసిందో లేదో ఎవరు చెబుతారు? పగటి పొడవు చూసుకుని బయల్దేరుతుంది. అది సూర్యుడి లెక్క, అది మారదు. మనం సంక్రాంతికి రెండు నెలల ముందే రైలు టికెట్ తీసుకుంటాం కదా. మనకు చెప్పకుండా ఊళ్లో పండగ పదిరోజులు ముందు చేసేశారనుకోండి. మనం టికెట్ ప్రకారమే వస్తాం, సంచులు పట్టుకుని దిగుతాం, ముంగిట్లో ముగ్గు కూడా చెరిగిపోయి ఉంటుంది.

క్రిస్టియాన్ బోట్, మార్సెల్ విసెర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2001లో ఈ సంగతి అచ్చువేశారు. 1980 నుంచి ఇరవై ఏళ్ల లెక్క తీస్తే, పిట్ట వచ్చే తేదీ ముందుకు జరగలేదు, గుడ్లు పెట్టే తేదీ మాత్రం సుమారు పదిరోజులు ముందుకొచ్చింది. అంటే ఏం చేస్తోందన్నమాట? ఎడారి దాటి వచ్చిన పిట్ట రెక్కలు వాల్చకుండా, ఒళ్లు కూడదీసుకోకుండా, వచ్చీరాగానే గూడు కట్టి గుడ్లు పెడుతోంది. మిగిలిన విశ్రాంతి అంతా కోసేసుకుంది. అయినా చాల్లేదు. 2006లో వాళ్లే ఇంకో లెక్క బయటపెట్టారు. పురుగులు బాగా ముందుగా వచ్చే అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఈ పిట్టలు సుమారు తొంభై శాతం తగ్గిపోయాయి. పురుగులు ఆలస్యంగా వచ్చే అడవుల్లో అంత తగ్గలేదు. ఎవరూ వేటాడలేదు. చెట్లు నరకలేదు. తిండి ఉంది, పిట్ట ఉంది, రెండూ కలవాల్సిన రోజు తప్పిపోయింది, అంతే. నాకు ఇది చదివిన రోజు చాలాసేపు ఇంకో పని తోచలేదు.

కుందేలు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఉత్తర అమెరికాలో స్నోషూ కుందేలు చలికాలానికి తెల్లబడుతుంది, వేసవికి గోధుమరంగుకు తిరుగుతుంది. అదీ పగటి పొడవు చూసే. మంచు ముందే కరిగిపోతే గోధుమరంగు నేల మీద తెల్లటి కుందేలు నిలబడి ఉంటుంది, తాను దాక్కుని ఉన్నాననే అనుకుంటుంది పాపం, వేటాడే జంతువుకు మాత్రం అల్లంత దూరం నుంచే కనపడుతుంది.

దీనికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది రెడ్ నాట్ అనే ఉల్లంకి జాతి పిట్ట. రష్యా ఉత్తరాన తైమీర్ ద్వీపకల్పంలో గుడ్లు పెడుతుంది, చలికాలం ఆఫ్రికాలో మారిటేనియా తీరానికి పోతుంది. ఉత్తరాన మంచు ఏడాదికి అర రోజు చొప్పున ముందు కరుగుతూ వచ్చిందని ముప్ఫై మూడేళ్ల లెక్కల్లో తేలింది, 2016లో అచ్చయింది. మంచు ముందు కరిగితే అక్కడి కీటకాలు ముందే లేచి ముందే అయిపోతాయి. పిల్లలకు తిండి చాలదు, ఒళ్లు చిన్నదవుతుంది, ముక్కు పొట్టిగా ఉండిపోతుంది. ఆ ముక్కుతోనే అవి ఎగిరి మారిటేనియా చేరతాయి. అక్కడ బురదలో లోతుగా ఉండే గుల్లలు దాని అసలు తిండి. పొట్టి ముక్కు అంత లోతుకు అందదు. పైపైన దొరికే సముద్రపు గడ్డి దుంపలు తిని బతకాలి, వాటిలో చాలావి మొదటి ఏడు దాటవు. దెబ్బ తగిలింది ఉత్తర ధ్రువం పక్కన, ప్రాణం పోయింది ఆఫ్రికా ఒడ్డున. మారిటేనియాలో నిలబడి ఎంత వెతికినా కారణం దొరకదు. మన చెరువులకు చలికాలం వచ్చే వలస పక్షులు తగ్గాయని మనం అనుకుంటాం, చెరువు గట్టునే తప్పు వెతుకుతాం. వెతకాల్సిందే, చెరువులు ఎలా ఉన్నాయో నాకూ తెలుసు. కానీ కథ సగం వేరేచోట జరిగి ఉండొచ్చు.

ఇదంతా నిన్నమొన్నటి లెక్క కాదా అనే సందేహం రావచ్చు. జపాన్‌లో క్యోటో నగరపు చెర్రీ పూత తేదీలు పన్నెండు వందల ఏళ్ల నుంచి దొరుకుతాయి, రాజుల కాలపు దినచర్యల్లో పూల పండగ తేదీలు రాసి ఉన్నాయి. 2021లో మార్చి 26న నిండుగా పూసింది, ఆ మొత్తం లెక్కలో అంత ముందుగా పూసిన ఏడాది అప్పటికి లేదు. ఇంగ్లండ్‌లో రాబర్ట్ మార్షమ్ అనే ఆయన 1736లో మొదలుపెట్టి తొలి చిగురు, తొలి కోకిల కూత, కప్పల అరుపు తేదీలు రాసుకున్నారు, ఆయన పోయాక ఆ ఇంటివాళ్లు 1958 దాకా రాశారు. ఆయన వాతావరణ మార్పు కోసం రాయలేదు, ఆ మాటే లేదప్పుడు.

ఇక మన ఒడ్డుకు వద్దాం. ఇక్కడ చిగురు కథ కాదు, నేరుగా వేడి కథ.

కొన్నేళ్ల కిందట ఫిబ్రవరిలో శ్రీకాకుళం తీరంలో ఒక రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టడం చూశాను. తాబేలు గుడ్లను కంచెలో పెట్టి కాపాడే హేచరీ దగ్గర కాపలా ఉండే మత్స్యకార కుర్రాడు నన్ను తీసుకెళ్లాడు. "టార్చి వెయ్యకండి మాస్టారూ, వెనక్కి పోద్ది" అన్నాడు. చీకట్లో ఇసుక మీద ఏదో బరువైనది ఈడ్చినట్టు చప్పుడు. వెనక తెడ్లలాంటి కాళ్లతో మూరెడు లోతు గుంట తవ్వింది, కుడి కాలు, ఎడమ కాలు, కుడి కాలు, అచ్చం చేత్తో తోడినట్టు. తర్వాత పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు, పెంకు గట్టిగా ఉండదు, వేలితో నొక్కితే సొట్టపడుతుంది. ఒక గుంటలో వంద దాకా ఉంటాయి. పెట్టడం అయ్యాక ఇసుక కప్పి, తన ఒంటితోనే అదిమి, సముద్రంలోకి వెళ్లిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పొదగడం ఆమె పని కాదు, ఇసుక పని.

నలభై అయిదు నుంచి అరవై రోజులు ఆ ఇసుకే తల్లి. లోపలి పిల్ల మగదా ఆడదా అనేది కూడా ఇసుకే తేలుస్తుంది. మనకు లాగా పుట్టుకలోనే నిర్ణయమై ఉండదు. పొదిగే రోజుల్లో నడిమి మూడో వంతులో ఇసుక ఎంత వేడిగా ఉంటే దాన్నిబట్టి. ఇరవై తొమ్మిది, ముప్ఫై డిగ్రీల ప్రాంతంలో సగం సగం. చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి. రెండు మూడు డిగ్రీల తేడాతో గూడు గూడంతా ఒకే వైపు తిరిగిపోవచ్చు, ఇంకా పెరిగితే పిల్లలే గుడ్డులో చచ్చిపోతాయి. 2022 మార్చి మన దేశంలో 1901 నుంచి ఉన్న లెక్కల్లో అత్యంత వేడి మార్చి. ఫిబ్రవరిలో పెట్టిన గుడ్లు ఇసుకలో ఉండేది ఆ నెలలోనే.

ఇది ఎంతదూరం పోతుందో ఆస్ట్రేలియాలో చూశారు. గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల ఉత్తర భాగంలో పుట్టిన పచ్చ తాబేళ్లలో, ఇంకా ఎదగని వాటిలో నూటికి తొంభై తొమ్మిది ఆడవే అని 2018లో తేలింది. పెద్దవాటిలో ఆ నిష్పత్తి ఎనభై ఏడు దాకా ఉంది. అంటే పాతకాలం పిల్లల్లో మగవి కాస్త ఉన్నాయి, కొత్తవాటిలో దాదాపు లేవు. తాబేలు పైకి చూస్తే మామూలుగానే ఉంటుంది, గుడ్లు పెడుతూనే ఉంటుంది, ఒడ్డున మనకు సంఖ్య పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. ఒక మగ తాబేలు చాలా ఆడవాటితో కలవగలదు కాబట్టి లోటు వెంటనే బయటపడదు. బయటపడేసరికి ఒక తరం దాటిపోతుంది. నాకు భయం వేసేది అక్కడ.

ఆ రాత్రి గడిచాక పొద్దున ఆ కుర్రాడి హేచరీ చూశాను. వెదురు కర్రలు, వల కంచె, గుంట గుంటకూ ఒక కర్రముక్క మీద తేదీ, గుడ్ల లెక్క. "మార్చి నడిమికొచ్చేసరికి పైన తాటాకు పందిరేస్తామండి, లేకపోతే లోపలే ఉడికిపోతాయి" అన్నాడు. ఎంత నీడ, ఎప్పటినుంచి అనేది ఇసుకలో థర్మామీటరు పెట్టి చూసుకుంటే ఇంకా మంచిది. ఎక్కువ నీడ వేస్తే అన్నీ మగవే అవుతాయి, అదీ చిక్కే. ఒడ్డున సరుగుడు ఎక్కడ ఉంది, ఇసుక ఎక్కడ ఖాళీగా ఎండలో ఉంది, ఇలాంటి చిన్న సంగతుల మీద ఆ పిల్లల బతుకు నడుస్తోంది. మరపడవల వలల్లో చిక్కి చచ్చే పెద్ద తాబేళ్లు వేరే, అది ఇప్పటికిప్పుడు ఆపగలిగిన చావు, దాన్ని వేడి ఖాతాలో వెయ్యకూడదు.

గబ్బిలాల గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. ఆస్ట్రేలియాలో కెయిర్న్స్ దగ్గర 2018 నవంబరులో, అక్కడ వేసవి ఇంకా మొదలవుతుండగానే, ఎండ నలభై రెండు దాటి రెండు రోజుల్లో ఇరవై మూడు వేల దాకా పండ్లు తినే గబ్బిలాలు చెట్ల మీంచి రాలిపోయాయి. ఆ దేశంలో ఆ జాతిలో దాదాపు మూడో వంతు. మన ఊళ్లలో చింతచెట్లకు, రావిచెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలు వాటికి దగ్గర చుట్టాలే. మే మధ్యాహ్నం వాటి కింద నిలబడి చూడండి, రెక్కలతో విసురుకుంటూ, ఒళ్లు నాక్కుంటూ ఉంటాయి. చెమట పట్టదు వాటికి, ఉమ్మితోనే ఒళ్లు తడుపుకుంటాయి. ఆ చెట్టు దగ్గర్లో చెరువుందా లేదా అనేది వాటికి చావుబతుకుల సంగతి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి. "తాబేళ్లు కూడా ముందే వచ్చి చల్లటి రోజుల్లో గుడ్లు పెట్టుకోవచ్చు కదా?" మంచి ప్రశ్నండి. కొంతవరకు చేస్తాయి, సముద్రం వేడిని బట్టి ముందుకు జరుపుకున్న తాబేళ్లను కొన్ని దేశాల్లో చూశారు. ఉత్తరాన ఇంకా చల్లటి ఒడ్డుకు పోవచ్చు కూడా. కానీ ఆ చల్లటి ఒడ్డున ఇసుక మిగిలి ఉండాలి, రాళ్లు పోసి గోడ కట్టిన చోట, రాత్రంతా ఫ్లడ్‌లైట్లు వెలిగే చోట అది ఎక్కలేదు. పైగా ఆలివ్ రిడ్లే గుడ్డు పెట్టే వయసుకు రావడానికే పదేళ్ల పైన పడుతుంది. వేల తరాల్లో నేర్చుకునే పనిని మూడు నాలుగు తరాల్లో చెయ్యమంటున్నాం.

ఆ వెనక పాప ఏదో అంటోంది. "మేం ఏం రాయాలి?" అంటోంది. మార్షమ్ గారి సంగతి విన్నావు కదమ్మా, అలాగే. ఒక్క చెట్టు చాలు. మీ బడి దారిలో ఉన్నదే, రేల అయినా, మోదుగైనా, వేపైనా, కానీ ఏటా అదే చెట్టు అయి ఉండాలి. వారానికోసారి అదే రోజు ఆగి చూడు. మొగ్గ, మొదటి పువ్వు, నిండు పూత, కాయ. ఏ పిట్ట వాలిందో కూడా. ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాయాలి, అదీ లెక్కే. గుర్తుంటుందిలే అనుకోకు, మనసు తేదీల్ని కలిపేస్తుంది. తొలకరి పడ్డాక ఆరుద్ర పురుగు మొదట కనపడిన రోజు వెయ్యి. తేదీ పక్కన ఆ రోజు ఏ కార్తె నడుస్తోందో మీ తాతగారిని అడిగి అదీ రాయి.